ముఖం, మెడ శుభ్రం చేయాలి

పుట్టుకతో వచ్చిన మచ్చ ఉంచాలి. మధ్యలో వచ్చింది తీసెయ్యాలి. స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని మొహాలు దిద్దేవాళ్ళకి అదే మొదటి పాఠం, ఆఖరి పాఠం కూడా అదే.

టచప్పక్కకి ఆ పాఠం తల బొప్పి కట్టాక గానీ ఒంటబట్టలేదు. పోయినేడు ఒక పిల్లాడి బుగ్గ మీద బఠాణీ గింజంత నల్లమచ్చ ఉంటే సిరా మరక అనుకుని తుడిచేసింది. మర్నాడు వాళ్ళమ్మ వచ్చి ఫోటోని కౌంటరు మీద విసిరికొట్టింది. "మావాడి పుట్టుమచ్చ ఏదీ? ఎవరి పిల్లాణ్ణి ఇచ్చి పంపారు నాకు?" అని ఆవిడ వేసిన కేకలకి పక్క చెప్పుల కొట్టువాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. ఆరోజు నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. మచ్చ మీద అనుమానం వస్తే కిందటేడు ఫోటో తెరిచి చూస్తుంది. తను దిద్దింది కాదు, కెమెరాలోంచి వచ్చిన అసలుది. అక్కడా అదే మచ్చ ఉంటే పుట్టుమచ్చ. లేకపోతే తుడుపు.

పదమూడేళ్ళుగా ఆ కుర్చీ ఆమెదే. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఫోటోలకి టచప్ చేస్తుంది కాబట్టి ఓనరు దగ్గర్నుంచి నీళ్ళ డబ్బాలవాడి దాకా అందరికీ టచప్పక్కే. స్కూళ్ళు తెరిచిన నెలలో పదకొండు స్కూళ్ళ పిల్లలు, నాలుగు వేల మొహాలు ఆమె వేళ్ళ కింద నుంచి పోతాయి. చీమిడి ముక్కులు, పెదాల మీద పాల చారలు, దోమకాట్లు. ఆ పిల్లలకి ఆమె దగ్గర పేర్లుండవు. ఛాతీ దగ్గర పట్టుకున్న పలక మీద తరగతి, ఏటా మారని నంబరు ఉంటాయి, అంతే.

ఆరోజు ఉదయం పదకొండింటికి ఓనరు వచ్చి ఒక చీటీ ఆమె కీబోర్డు మీద పెట్టాడు.

"మూడో తరగతి సి, పంతొమ్మిది. ఇదొక్కటి ముందు చెయ్యమ్మా. ఆ పిల్ల స్కూలు మానేసి వేరే ఊరు పోతోందట. బదిలీ పత్రం మీద అంటించాలి. సాయంత్రం నాలుగింటికి వాళ్ళవాళ్ళే వచ్చి తీసుకెళ్తారు."

"ఒక్క మొహానికి ఐదు నిమిషాలు చాలు సార్. నాలుగింటి దాకా ఎందుకు?"

"నీ ఐదు నిమిషాల సంగతి నాకు తెలీదా. మధ్యలో రెండు టీలు, ఒక వీధి వార్త." అనేసి వెళ్ళిపోయాడు.

ఆమె ఫైలు తెరిచింది. ఎనిమిదేళ్ళ ఆడపిల్ల. ఎండాకాలం ఇంకా పోలేదు, పిల్ల మాత్రం పొడుగు చేతుల చొక్కా, గొంతు దాకా గుండీలు. కుడి దవడ కింద మచ్చ ఉంది. మధ్యలో ఆకుపచ్చ, చుట్టూ పసుపు. ఏదో ఆకు పసరు అంటుకుందేమో అనిపించేలా ఉంది. అనుమానం వచ్చింది కాబట్టి పద్ధతి ప్రకారం కిందటేడు అసలు ఫోటో తెరిచింది.

దవడ కింద ఏమీ లేదు. చెవి మడతలో ఉంది. ఊదారంగు, వేలి కొన అంత. మెడ పక్కన మరోటి.

అంతకుముందు ఏడాదిది తెరిచింది. అప్పుడు పిల్లకి ఆరేళ్ళు. పై పళ్ళు రెండు ఊడిన నవ్వు. మళ్ళీ అదే చెవి. కన్ను కింద గీత.

మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది. పుట్టుమచ్చ ఒక చోట ఉంటుంది. ఇవి ఊరేగుతున్నాయి. ఈ ఏటి ఫోటోలో ఎడమ చెవి పైన రూపాయి బిళ్ళంత మేర జుట్టు లేదు. మొదటి ఏడు ఫోటోలో నవ్వుంది, రెండో దానిలో సగం ఉంది, మూడో దానిలో పెదాలు దారంతో కుట్టినట్టు ఉన్నాయి.

అప్పుడు ఆమె తను దిద్దిన పాత ఫోటోలు తెరిచింది. శుభ్రంగా ఉన్నాయి. చెవి నున్నగా, మెడ తెల్లగా, కన్ను కింద ఏమీ లేకుండా. చేసింది తనే. ఎప్పుడు చేసిందో గుర్తు కూడా లేదు. గంటకి నలభై మొహాల్లో ఒకటి. టీ తాగుతూ తుడిచి ఉంటుంది. ఎవరో వేసిన జోకుకి నవ్వుతూ తుడిచి ఉంటుంది.

ఆమె లేచి బీరువాలోంచి ఆ స్కూలు ఆర్డరు కాగితాల కట్టలు మూడేళ్ళవీ లాగింది. ఫోటోలు తీసిన రోజు ప్రతి క్లాసు టీచరూ ఒక జాబితా ఇస్తుంది. నంబరు, పక్కన గమనిక. పన్నెండు, కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ తీయాలి. ఇరవై ఏడు, కళ్ళద్దాల మీద మెరుపు. వాటి కోసమే ఆ కాగితాలు. చదివి, పని చేసి, కట్ట కట్టి పడేస్తారు.

మొదటి ఏడు, గుండ్రటి అక్షరాలతో: "19 – ముఖం శుభ్రం చేయాలి."

రెండో ఏడు, వాలు రాతలో, ఇంకో టీచరు: "19 – ముఖం, మెడ శుభ్రం చేయాలి."

ఈ ఏడు, ఎర్ర సిరాతో, మూడో టీచరు: "19 – ముఖం, మెడ, జుట్టు శుభ్రం చేయాలి. జాగ్రత్తగా."

ఆ చివరి మాట దగ్గర ఆమెకి చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టైంది. జాగ్రత్తట. ఎవరి జాగ్రత్త?

ముగ్గురు టీచర్లు. ముగ్గురికీ కళ్ళున్నాయి. ముగ్గురూ చూశారు, చూసింది కాగితం మీద పెట్టారు, కింద సంతకం కూడా చేశారు. చేసి ఆ కాగితాన్ని పోలీసులకి పంపలేదు, డాక్టరుకి పంపలేదు. ఫోటో స్టూడియోకి పంపారు. ఆ పిల్ల గురించి ఈ భూమ్మీద ఎవరైనా ఫిర్యాదంటూ చేశారంటే ఈ మూడు కాగితాలే. అవి చేరింది తనకి. తను ఏం చేసింది? చెప్పినట్టే శుభ్రం చేసింది.

ఫ్లాష్ బాబాయ్ లెన్సు తుడుచుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నాడు. స్కూళ్ళకి వెళ్ళి ఫోటోలు తీసేది ఆయనే.

"బాబాయ్, మూడు సి, పంతొమ్మిది. గుర్తుందా?"

"నాలుగు వేల మంది పిల్లలమ్మాయ్. నాకు మీ పిన్ని మొహమే ఒక్కోసారి గుర్తుండదు, అందుకే కాపురం నిలబడింది."

"గుర్తు తెచ్చుకో."

ఆ గొంతు విని ఆయన లెన్సు పక్కన పెట్టి వచ్చాడు. తెర మీదకి వంగాడు.

"ఈ పిల్లా. ఇది ఫ్లాషుకి జడుసుకునే రకం. గడ్డం కాస్త పైకెత్తుదామని చెయ్యి చాపానో లేదో, మోచేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. ఏటా ఇదే గోల. మూడు నాలుగు ఫోటోలు పాడు."

"ఫ్లాషు వెలిగాక అడ్డం పెట్టుకుంటుందా, వెలక్కముందా?"

బాబాయ్ తెర మీద మూడు ఫోటోలూ ఒకటి తరవాత ఒకటి చూశాడు.

"వెలక్కముందే," అన్నాడు చివరికి.

"అయితే జడుసుకుంటున్నది ఫ్లాషుకి కాదు."

"అమ్మాయ్, మనం ఫోటోలవాళ్ళం. వాళ్ళ ఇంట్లో ఏం జరుగుతోందో..."

"నాలుగింటికి ఈ పిల్ల ఊరు దాటిపోతుంది బాబాయ్. అక్కడ ఏ స్కూలో, ఏ వీధో ఎవరికీ తెలీదు. కొత్త స్కూల్లో కొత్త టీచరుంటుంది. కొత్త స్టూడియో ఉంటుంది. అక్కడా నాలాంటిది ఒకతి ఉంటుంది."

బాబాయ్ బల్ల మీదున్న ఫోను ఆమె వైపు జరిపాడు.

ఫోను నంబరు వెతుక్కోవాల్సిన పని లేదు. పిల్లల సహాయ కేంద్రం నంబరు ప్రతి స్కూలు కార్డు వెనకా అచ్చువేసేది ఈ స్టూడియోనే. పదమూడేళ్ళలో కొన్ని వేల సార్లు ఆ అంకెలు సరిగ్గా పడ్డాయా లేదా అని చూసింది. ఒక్కసారీ నొక్కలేదు.

రెండో రింగుకే ఎవరో ఆడగొంతు ఎత్తింది.

"నేను ఆ పిల్లకి ఏమీ కానండి," అని మొదలుపెట్టింది టచప్పక్క. "ఎప్పుడూ కళ్ళతో చూడను కూడా లేదు. ఫోటోలూ, టీచర్లు రాసి పంపిన మూడు కాగితాలే చూశాను. నాలుగింటికి ఇక్కడికొచ్చి, అట్నుంచటే ఊరొదిలి పోతుందట. కొట్టారో లేదో, ఎవరు కొట్టారో నాకు తెలీదు."

"అది తేల్చడం మా పనండి. మీకు కనపడింది చెప్పండి, చాలు. దెబ్బలు ఎక్కడున్నాయి?"

"దవడ కింద. మెడ మీద. చెవి మడతలో."

అవతల కాసేపు రాస్తున్న చప్పుడు ఆగింది. "చెవి మడతలోనా?"

"రెండేళ్ళు వరసగా. అదే చెవి."

"ఆడుకుంటూ పడిన పిల్లలకి మోకాళ్ళు చెక్కుకుపోతాయి, నుదురు బొప్పి కడుతుంది. చెవి మడత, దవడ కింద అంత తేలిగ్గా తగలవు. ఫోటోలు మీరేమీ మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు ఇప్పుడే పంపండి. ఆ కాగితాలు కూడా. మా అధికారి మూడున్నరకల్లా వస్తారు. ఈలోగా పిల్ల వస్తే ఏమీ గుచ్చి అడక్కండి. వచ్చిన పెద్దవాళ్ళతో తగువు పెట్టుకోకండి. కూర్చోబెట్టండి, అంతే."

ఫైళ్ళు, కాగితాల ఫోటోలు పంపి ఆమె తలెత్తేసరికి ఓనరు వెనకే నిలబడి ఉన్నాడు.

"ఎవరికమ్మా పంపుతున్నావు?"

చెప్పింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీకేమైనా పిచ్చా? మన పని మచ్చలు తుడవడం. ఎవరు పెట్టారని ఆరా తీయడం కాదు. మన పదకొండు స్కూళ్ళలో పెద్దది అది. రేపు పెద్ద టీచరమ్మ ఫోను చేస్తే నేనేం చెప్పను? ఆ పాత ఫైళ్ళు చెరిపెయ్. లేనిదాని గురించి ఎవరూ అడగరు."

"పంపేశాను సార్. ఇప్పుడు చెరిపితే చెరిపిందెవరని అడుగుతారు."

ఆయన కోపం తెచ్చుకున్నాడు. "రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు."

"రేపటి సంగతి రేపు చూసుకుందాం. ఇవాళ నాలుగింటి దాకా ఈ కుర్చీ నాదే."

"నా కెమెరా సంచీ కూడా తీసుకెళ్ళనా సార్?" అన్నాడు బాబాయ్ కిటికీ దగ్గర్నుంచి, వాతావరణం గురించి అడిగినంత తీరిగ్గా. ఇద్దరూ పోతే సీజను మధ్యలో స్టూడియోకి తాళమే. ఓనరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

నాలుగింటికి రావాల్సినవాళ్ళు మూడుంపావుకే దిగారు.

ముందు ఒకావిడ. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ మడత నలగని చీర, మొహమంతా నవ్వు. ఆవిడ వెనక పిల్ల. అదే పొడుగు చేతుల చొక్కా.

"నువ్వేనా అమ్మా టచప్పక్కవి? నీ పేరే వినడం, చూడ్డం ఇదే. దీనికి పెద్దమ్మని నేను. మా చెల్లెలి కూతురు. కాస్త ముందే వచ్చేశాం, బస్సు దొరుకుతుందో లేదో అని."

"కూర్చోండి. కాస్త పని ఉంది," అంది టచప్పక్క. తన గొంతు మామూలుగానే ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"మా పిల్ల ఒట్టి దూకుడమ్మా. కాలు నేల మీద నిలవదు. పొద్దస్తమానం ఎక్కడో ఒకచోట పడుతూ ఉంటుంది," అంది పెద్దమ్మ.

కాలు నేల మీద నిలవని పిల్ల గోడ పక్కన మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. బల్ల మీద రంగు రంగుల ఫోటో ఫ్రేములున్నాయి. ఆ వయసు పిల్లలెవరైనా ఈపాటికి రెండు కిందపడేసేవాళ్ళు. ఈ పిల్ల కళ్ళు మాత్రం పెద్దమ్మ కుడి చెయ్యి ఎటు కదిలితే అటు కదులుతున్నాయి. పెద్దమ్మ చేతిరుమాలు తీసి పిల్ల పై పెదవి మీది చెమట ఎంతో ముద్దుగా అద్దింది. పిల్ల ఊపిరి బిగబట్టింది.

"పోయినేడు ఎంత చక్కగా చేశావమ్మా ఫోటో. చంద్రబింబమే," అంది పెద్దమ్మ. "వాళ్ళమ్మ దూరదేశంలో నర్సు. వెళ్ళి మూడేళ్ళైంది, సెలవు దొరకదు. ఫోన్లో మొహాలు చూపిస్తే ఇది ఏడుపు, అది ఏడుపు. ఎందుకొచ్చిన గొడవ అని ఏటా నీ ఫోటోనే పంపుతాం. అది చూసుకుని ఆ పిచ్చితల్లి మురిసిపోతుంది. ఈసారి కూడా ఎప్పుడూ చేసినట్టే చెయ్యి, ఏం?"

ఎప్పుడూ చేసినట్టే.

టచప్పక్క చేతులు బల్ల కిందకి దింపుకుని ఒకదాన్నొకటి పట్టుకుంది. ఇన్నాళ్ళూ తను మచ్చలు తీశాననుకుంది. తీసింది మచ్చలు కాదు. ఒక తల్లి కళ్ళు. ఏటా ఒకసారి, నాణ్యమైన కాగితం మీద. ఈ చీర కట్టిన మనిషి పీక పట్టుకోవాలనిపించింది. కూర్చోబెట్టండి, అంతే, అన్న మాట గుర్తు తెచ్చుకుని కూర్చుంది.

"అలాగేనండి. ఇది కాస్త ఎక్కువసేపు పట్టే పని," అంది.

బాబాయ్ స్టూలు లాక్కుని వీధి తలుపుకి అడ్డంగా కూర్చుని, తన పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికొడుకు తల తెగిపోయిన కథ ఎత్తుకున్నాడు. పెద్దమ్మ నవ్వింది. పిల్ల నవ్వలేదు.

మూడూ ముప్పై ఐదుకి అధికారి వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటిన సన్నటి మనిషి, చేతిలో ఫైలు, వెంట ఒక మహిళా కానిస్టేబులు. పెద్దమ్మతో నెమ్మదిగా చెప్పింది. పిల్ల ఒంటి మీద దెబ్బల గురించి సమాచారం వచ్చింది, ఇప్పుడే డాక్టరుకి చూపించాలి, ఈరోజు ప్రయాణం కుదరదు.

పెద్దమ్మ నవ్వు చెక్కు చెదరలేదు. "ఎవరో గిట్టనివాళ్ళు ఎక్కించి ఉంటారమ్మా. కన్నతల్లి కంటే మీకెక్కువా? ఆవిడనే అడగండి. వద్దంటే ముట్టుకుంటారా?" అని తనే ఫోను తీసి నంబరు నొక్కింది. అధికారి స్పీకరులో పెట్టమంది.

"చెల్లీ, వీళ్ళెవరో చూడవే. పిల్లని నేను కొడుతున్నానట. ఆస్పత్రికి లాక్కుపోతారట."

అవతల అడుగుల చప్పుడు, ఏదో యంత్రం కూత. తరవాత అలసిపోయిన గొంతు. "ఎవరండీ మీరు? మా అక్క అలాంటి మనిషి కాదు. ఏటా ఫోటో పంపుతుంది. రెండూ నా మంచం పక్కనే ఉంటాయి. దాని ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. నర్సునండీ నేను. దెబ్బుంటే నాకు తెలీదా? దయచేసి నా పిల్లని బెదరగొట్టకండి. అక్కతో వెళ్ళనివ్వండి."

"విన్నారుగా," అంది పెద్దమ్మ.

అధికారి జవాబు చెప్పబోయేంతలో టచప్పక్క లేచింది.

"అమ్మా, ఆ ఫోటోలు చేసింది నేను."

"మీరెవరు?"

"స్టూడియోలో ఫోటోల మీద మచ్చలు తీసే మనిషిని. ఏటా మీ పాప మొహం మీద తీశాను. మీ దగ్గరున్నవి నేను తుడిచినవి. తుడవనివి నా ముందున్నాయి."

యంత్రం కూత ఒక్కటే వినపడింది. మళ్ళీ మాట వచ్చేసరికి ఆ గొంతులో అలసట లేదు, ఏడుపూ లేదు. వార్డులో రోగి మంచం పక్కన నిలబడి అడిగే గొంతు.

"ఎక్కడెక్కడ?"

"మొదటి ఏడు కన్ను కింద, చెవి మీద. రెండో ఏడు చెవి, మెడ. ఈ ఏడు దవడ కింద."

"చెవి మీదంటే? వెనకా, మడతలోనా?"

"మడతలో. రెండేళ్ళూ ఎడమ చెవే."

"ఇప్పటి దెబ్బ ఏ రంగు?"

"మధ్యలో ఆకుపచ్చ. చుట్టూ పసుపు. తల మీద ఒకచోట జుట్టు లేదు."

"చెల్లీ, దీని మాటలు నమ్ముతావా నువ్వు, ఎవతో కూలి పని చేసుకునే..."

"అక్కా," అంది అవతలి గొంతు. "ఫోను ఆ మేడమ్ చేతికిచ్చి బయటికి నడు." ఆగింది. "మేడమ్, పిల్లని మీ దగ్గరే ఉంచుకోండి. డాక్టరుకి చూపించండి. ఏ కాగితం మీద సంతకం కావాలన్నా పెడతాను. నేను బయల్దేరుతున్నా."

పెద్దమ్మ మొహం మీద నవ్వు అప్పుడు పోయింది. ఫోను బల్ల మీద పడేసి, సంచీ భుజాన వేసుకుని, పిల్ల వైపు తిరక్కుండానే చిటిక వేసింది.

"పదవే."

మూడేళ్ళ అలవాటు. పిల్ల కాలు దానంతటదే ఒక అడుగు ముందుకు వేసింది. కానిస్టేబులు కదిలేలోపే టచప్పక్క బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. పిల్లని ముట్టుకోలేదు. ఏమీ అడగలేదు.

"రావట్లేదు," అంది పెద్దమ్మతో. "మీరు వెళ్ళండి."